హెడ్ గ్యాస్కెట్ ఎందుకు కొట్టింది? మా బాబాయ్ లారీ కథ

ఈ రోజు ఎపిసోడ్‌లో ల్యాప్‌టాప్ లేదు, కోడ్ లేదు. నా చేతిలో ఉన్న ఈ నల్లటి రేకు కనిపిస్తోంది కదా? వీడియో చూడకుండా చదువుకుంటున్నవాళ్ళ కోసం చెబుతున్నా: మూరెడు పైన పొడుగు, వరసగా నాలుగు పెద్ద రంధ్రాలు, వాటి చుట్టూ బోలెడు చిన్న రంధ్రాలు. ఇది లారీ ఇంజన్‌లో ఉండే హెడ్ గ్యాస్కెట్. రెండో పెద్ద రంధ్రానికీ మూడోదానికీ మధ్య చూడండి, ఎలక కొరికినట్టు తినేసి ఉంది. ఈ వేలెడంత జాగా వల్ల మా బాబాయ్ దాదాపు బండి అమ్మేసుకునేదాకా వెళ్ళాడు. అందులో నా తప్పు కూడా ఉంది. అది కూడా చెప్తాను.

ముందు నా గురించి. నేను చదివింది బీటెక్ కంప్యూటర్ సైన్స్. నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. ఇంజన్ గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా బానెట్ ఎలా తెరవాలో, అంతే. కానీ మా వాళ్ళ దృష్టిలో బీటెక్ అంటే బీటెక్కే. ఫ్యాన్ తిరక్కపోయినా, మోటార్ కాలిపోయినా, లారీ ఆగిపోయినా ఫోన్ నాకే వస్తుంది.

మా బాబాయ్‌ది గుంటూరు దగ్గర పల్లెటూరు. ఆరు టైర్ల లారీ ఉంది. 2018 మోడల్, బీఎస్-4, నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్. లోన్ మీద కొన్నాడు, తనే నడుపుతాడు. సీజన్‌లో మిర్చి బస్తాలు, మిగతా రోజుల్లో ఏది దొరికితే అది. పోయిన మే నెల, ఎండ మాడిపోతోంది. మిర్చి లోడుతో హైదరాబాద్ వస్తున్నాడు. కోదాడ దాటాక మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, టెంపరేచర్ ముల్లు రెడ్డులోకి పోయింది. రేడియేటర్ కుతకుతలాడతా ఉంది. ఏం చెయ్యమంటావు?"

నేను మీటింగ్‌లో ఉన్నాను. మ్యూట్‌లో పెట్టుకుని, "కాసేపు ఆపి, చల్లారాక నీళ్ళు పొయ్యి బాబాయ్. మెల్లగా సూర్యాపేట దాకా వచ్చేయ్, అక్కడ మెకానిక్‌లు ఉంటారు" అన్నాను. కోదాడ నుంచి సూర్యాపేట నలభై కిలోమీటర్ల పైనే. బాబాయ్ నా మాట విన్నాడు. దారిలో అయిదు సార్లు ఆపి, హోటళ్ళ దగ్గర బోరు నీళ్ళు పట్టి పోసుకుంటూ వచ్చాడు. చివరి పది కిలోమీటర్లు ముల్లు కిందికి దిగిపోయిందట. "చల్లబడింది రా" అని సంతోషంగా ఫోన్ చేశాడు. నేనూ సంతోషపడ్డాను.

అసలు ఏం జరిగిందో తర్వాత తెలిసింది. టెంపరేచర్ సెన్సర్ నీళ్ళలో మునిగి ఉన్నంతసేపే సరైన రీడింగ్ ఇస్తుంది. నీళ్ళు ఆ సెన్సర్ కంటే కిందికి పోతే అది గాల్లో, ఆవిర్లో ఉంటుంది, రీడింగ్ పడిపోతుంది. అంటే ముల్లు దిగింది ఇంజన్ చల్లబడి కాదు, కొలవడానికి నీళ్ళే లేక. మా ఫీల్డ్ వాళ్ళకైతే ఒక్క ముక్కలో అర్థమవుతుంది: సర్వర్‌తో పాటు మానిటరింగ్ కూడా చచ్చిపోతే డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగానే కనిపిస్తుంది. మీరు బండి నడుపుతుంటే ఇది గుర్తుపెట్టుకోండి. ముల్లు ఎర్రగీత దాటి, ఏ కారణం లేకుండా టక్కున కిందికి పడితే ఇంకో అడుగు కూడా ముందుకు వెయ్యొద్దు. అలాగే వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు. లోపల ప్రెషర్‌లో ఉన్న నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణంలో మొత్తం ఆవిరై మొహం మీదికి కొడుతుంది. బాగా కాలిన ఇంజన్‌లో చన్నీళ్ళు పోసినా ప్రమాదమే, హెడ్డు పగలొచ్చు. అంటే నేను ఫోన్‌లో ఇచ్చిన సలహాలో ఆగమనడం ఒక్కటే మంచిది. ఆగినచోటే ఉండి బండిని లాక్కెళ్ళే ఏర్పాటు చేసుకోమని చెప్పాల్సింది.

ఇప్పుడు ఈ గ్యాస్కెట్ చేసే పనేంటో చూద్దాం. ఇంజన్‌లో కింద భాగం బ్లాకు, అందులో పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి. పైన మూతలాంటిది హెడ్డు, అందులో వాల్వులు, ఇంజెక్టర్లు ఉంటాయి. రెంటి మధ్య ఈ రేకు. పెద్ద రంధ్రాలు సిలిండర్లవి, చిన్నవాటిలో కొన్ని నీళ్ళు పోయే దారులు, కొన్ని ఆయిల్ పోయే దారులు, కొన్ని బోల్టులవి. మంట, నీళ్ళు, ఆయిల్ మూడూ పక్కపక్కనే ఉంటూ ఒకదాంట్లోకి ఒకటి పోకూడదు. లారీ టైర్లో గాలి సుమారు 8 బార్ ఉంటుంది. డీజిల్ సిలిండర్‌లో మంట అంటుకున్న క్షణంలో 100 బార్ పైనే. పక్కనే ఉన్న నీళ్ళ దారిలో ఒకటో, ఒకటిన్నరో. గోడకు చిన్న కన్నం పడితే ఎవరు ఎవరింట్లోకి దూరతారో చెప్పక్కర్లేదు. మంట గ్యాసు నీళ్ళలోకి దూరుతుంది. నీళ్ళను బయటికి తోసేస్తుంది. నీళ్ళు తగ్గితే ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కితే హెడ్డు ఇంకా వంగుతుంది, కన్నం ఇంకా పెద్దదవుతుంది.

సరే, కథకి వద్దాం. దారిలో ఒక షెడ్డులో హెడ్డు దించి, గ్యాస్కెట్ మార్చి, రోజున్నరలో బండి ఇచ్చేశారు. 14 వేలు అయింది. లోడు దించేసి బాబాయ్ ఇంటికి చేరాడు. మూడు వారాలు తిరిగింది. నాలుగో వారంలో మళ్ళీ అదే కథ. పొద్దున్నే స్టార్ట్ అవ్వడం కష్టం, నీళ్ళు తాగేస్తోంది, కాస్త ఎత్తు ఎక్కితే ముల్లు ఎర్రగీత మీద. ఈసారి ఇంకొకళ్ళకి చూపిస్తే, "ఇంజన్ మొత్తం విప్పాలి. లైనర్ పిస్టన్ సెట్టు, బేరింగులు, అన్నీ వేసుకోవాలి" అని లక్షా నలభై వేలు చెప్పారు. నెలకి 31 వేలు ఈఎంఐ కట్టే మనిషికి అది మామూలు మాట కాదు. ఆ రాత్రి పిన్ని ఫోన్ చేసింది. బాబాయ్ బండిని బేరానికి పెడుతున్నాడని చెప్పింది. అతను నాకైతే చెప్పలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

వారం సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. బండిని ఇంకో లారీకి కట్టి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళాం. ఆటోనగర్ చూడనివాళ్ళకి చెప్పాలంటే, లారీలకు అది పెద్దాసుపత్రి. ఒక వీధి నిండా స్ప్రింగ్ పట్టీలు, ఇంకో వీధి నిండా బాడీలు కట్టేవాళ్ళు, లేతులు, రేడియేటర్ షాపులు. తెలిసినవాళ్ళ ద్వారా ఒక మేస్త్రి గారు దొరికారు. అరవై దాటి ఉంటాయి. నేను వెళ్ళగానే స్పానర్లు తీస్తారేమో అనుకున్నా. స్టూలు వేసుకుని కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టారు.

"నీళ్ళు పోతన్నాయి అన్నావు. ఎటు పోతన్నాయి?"

"తెలీదండీ, తగ్గిపోతున్నాయి."

"నీళ్ళకి మూడే దార్లు తమ్ముడూ. బయటికి కారాల, ఆయిల్లోకి దిగాల, లేదా మంటలోకి పోయి సైలెన్సర్‌లోంచి ఆవిరై పోవాల. మూడింట్లో ఏదో కనుక్కోకుండా హెడ్డు దించితే ఊరికే దించినట్టే."

నాలుగేళ్ళు బగ్గులు వెతికినవాడికి ఇంతకంటే మంచి మాట ఏముంటుంది చెప్పండి. అక్కడి నుంచి ఫోన్ తీసి ప్రతిదీ రికార్డ్ చేశాను. ఈ ఎపిసోడ్ అందులోంచే వచ్చింది.

ముందు ఆయిల్ చూశారు. డిప్ స్టిక్ తీసి వేలికి రాసుకున్నారు. ఆయిల్లో నీళ్ళు కలిస్తే పాలు ఎక్కువైన టీ రంగులోకి మారుతుంది, చిక్కగా నురగలా ఉంటుంది. మా బండిలో నల్లగా, శుభ్రంగా ఉంది. ఇది చాలా మంచి వార్త, ఎందుకో తర్వాత చెప్తా. ఒక జాగ్రత్త: ఆయిల్ పోసే మూత కింద కాస్త తెల్లటి పూత కనిపించినంత మాత్రాన గ్యాస్కెట్ పోయినట్టు కాదు. చలికాలంలో చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి తేమ వల్ల కూడా అలా పడుతుంది. అలాగే నీళ్ళలో ఆయిల్ తెట్టు కడితే అది ఆయిల్ కూలర్ లీకు కూడా కావచ్చు. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ నీళ్ళ ప్రెషర్ కంటే ఎక్కువ కాబట్టి ఆయిలే నీళ్ళలోకి వస్తుంది.

తర్వాత పొగ. మేస్త్రి గారు సైలెన్సర్ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశారు. తెల్ల పొగ రెండు రకాలు. కాలని డీజిల్ పొగైతే గాల్లో వేలాడుతూ ఉంటుంది, కళ్ళు మండుతాయి. నీళ్ళ ఆవిరైతే కాసేపట్లోనే గాల్లో కలిసిపోతుంది. మాది రెండో రకమే, కొంచెంగా వస్తోంది.

ఆ తర్వాత అసలు పరీక్ష. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, నిండుగా నీళ్ళు పోసి స్టార్ట్ చేశారు. నిమిషం కాకుండానే బుడగలు. సోడా సీసా కదిపినట్టు ఆగకుండా వస్తున్నాయి. పైన హోస్ పైపు పట్టుకుని చూడమన్నారు. నీళ్ళు ఇంకా వేడెక్కనే లేదు, పైపు మాత్రం రాయిలా బిగుసుకుపోతోంది. నేను కెమెరా వైపు తిరిగి, "కన్ఫర్మ్ ఫ్రెండ్స్, గ్యాస్కెట్టే" అన్నాను. మేస్త్రి గారు నవ్వి, "ఆగు, ఇంకా ఇద్దరు దొంగలున్నారు" అన్నారు.

ఇది మీకు ఫోన్‌లో వెతికితే అంత తేలిగ్గా దొరకదు, కాబట్టి శ్రద్ధగా వినండి. ఎయిర్ బ్రేకులున్న లారీలో గాలి నింపే కంప్రెసర్ ఒకటి ఉంటుంది. చాలా బండ్లలో దాని తలని కూడా ఇంజన్ నీళ్ళే చల్లబరుస్తాయి. ఆ కంప్రెసర్‌కీ ఒక చిన్న గ్యాస్కెట్ ఉంటుంది. అది పోతే గాలి నీళ్ళలోకి దూరి అచ్చం ఇలాంటి బుడగలే వస్తాయి. దానికి ఇంజన్ హెడ్డు దించి గ్యాస్కెట్ మార్చి, మళ్ళీ బుడగలు వస్తే తల పట్టుకున్నవాళ్ళు ఆటోనగర్‌లో ఎంతమందో ఉన్నారట. ఎలా తేల్చుకోవాలి? గాలి ట్యాంకులు నిండి 'ఫుస్స్' మని వదిలాక కంప్రెసర్ మీద బరువు ఉండదు. అప్పుడు బుడగలు ఆగితే దొంగ కంప్రెసరే. మావి ఆగలేదు. అయినా ఆయన కంప్రెసర్‌కి పోయే నీళ్ళ పైపులు విప్పి, రెంటినీ ఒకదానికొకటి కలిపేసి మళ్ళీ చూశారు. వస్తూనే ఉన్నాయి.

రెండో దొంగ ఈజీఆర్ కూలర్. పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్ళీ ఇంజన్‌లోకి పంపే పరికరం. దాని లోపల పగుళ్ళు వస్తే పొగ నీళ్ళలోకి చేరుతుంది. దాన్ని కూడా నీళ్ళ దారిలోంచి తప్పించి చూశారు. బుడగలు అలాగే ఉన్నాయి. ఒక్కొక్క మాడ్యూల్ ఆపుకుంటూ బగ్గు ఎక్కడుందో వెతకడం అన్నమాట. నేను డబ్బులు తీసుకుని చేసిన పని కూడా ఇదే, ఆయన అరవయ్యేళ్ళ వయసులో గ్రీజు చేతులతో చేస్తున్నారు.

తర్వాత ల్యాప్‌టాప్‌తో స్కానర్ కుర్రాడు వచ్చాడు. ఒక్కో సిలిండర్‌కీ డీజిల్ ఆపుతూ చూశాం. ఒకటోది ఆపితే తేడా లేదు. రెండోది ఆపితే బుడగలు తగ్గాయి. మూడోది ఆపితే ఇంకా తగ్గాయి. పాత ఇంజన్లలో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఇదే పరీక్ష చేసేవారు. కామన్ రైల్ ఇంజన్ మీద మాత్రం ఆ పని అస్సలు చెయ్యొద్దు. ఆ పైపుల్లో 1600 బార్ దాకా ప్రెషర్ ఉంటుంది. సన్నటి ధార వేలికి తగిలితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. ఈ ఎపిసోడ్‌లో ఒక్క మాటే గుర్తుంటుంది అనుకుంటే, ఇది గుర్తుపెట్టుకోండి.

చివరిగా కంప్రెషన్ టెస్ట్. దీనికి డీజిల్ గేజే కావాలి, పెట్రోల్ బండ్ల గేజ్ ఈ ప్రెషర్‌కి సరిపోదు. ఒకటో సిలిండర్ 28 బార్, నాలుగోది 27. మధ్యలో రెండోది 19, మూడోది 18. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోయాయంటే, వాటి మధ్య గోడ పోయినట్టు. నేను నోట్‌బుక్‌లో రాసుకున్న ఆ నాలుగు అంకెల పేజీ ఇప్పటికీ దాచుకున్నాను.

ఇప్పుడు ఆయిల్ సంగతి. ఆయిల్ శుభ్రంగా ఉందంటే నీళ్ళు కిందికి దిగలేదు, బేరింగులు నీళ్ళలో తడిసి పాడవలేదు. ఒకటి, నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ బాగుంది. ఆయిల్ మూత తీసి చూస్తే లోపల్నుంచి పొగ కొట్టడం లేదు, ఆయిల్ ప్రెషర్ కూడా సరిగ్గా ఉంది. "కింద ఇంజన్ బంగారంలా ఉంది. లక్షా నలభై వేలు ఎందుకు పెట్టుకుంటావయ్యా" అన్నారు మేస్త్రి గారు. బాబాయ్ అప్పటిదాకా దూరంగా టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. అది విని వచ్చి బండి బంపర్ మీద కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు.

హెడ్డు దించడం మర్నాడు. చల్లటి ఇంజన్ మీదే చెయ్యాలి. బోల్టులు ఒక్కసారిగా విప్పకుండా, చివర్ల నుంచి మధ్యకి, కొంచెం కొంచెంగా వదులు చేసుకుంటూ వచ్చారు. వేడి మీదో, ఇష్టం వచ్చిన వరసలోనో విప్పితే బాగున్న హెడ్డు కూడా వంగుతుంది. హెడ్డు లేపగానే కనిపించింది, ఇందాక చూపించానే, ఆ కొరికిన చోటు. దాని పక్కనే ఉన్న నీళ్ళ రంధ్రం దాకా మసి గీత. ఇంకొకటి కూడా కనిపించింది: గ్యాస్కెట్‌కి రెండు వైపులా సిలికాన్ పేస్ట్. ఇలాంటి పొరల పొరల స్టీల్ గ్యాస్కెట్‌కి పైపూత కంపెనీయే వేసి ఇస్తుంది. పొడిగా, శుభ్రంగా పెట్టాలి. మనవాళ్ళు గట్టిగా అంటుకుంటుందని పేస్ట్ పూస్తారు. అది పిండుకుని వెళ్ళి చిన్న నీళ్ళ దారుల్లో, ఆయిల్ దారుల్లో ఇరుక్కుంటుంది.

హెడ్డు మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూశారు. మధ్యలో 0.17 మిల్లీమీటర్లు సందు. అంటే రెండు పేపర్ల మందం. కంటికి కనిపించదు. కానీ ఇలాంటి హెడ్డుకి సాధారణంగా 0.05 నుంచి 0.10 లోపే ఒప్పుకుంటారు. మొదటి షెడ్డులో ఈ ఒక్క కొలత తీసి ఉంటే మూడు వారాల్లో మళ్ళీ పోయేది కాదు. వంగిన మూత మీద ఎంత కొత్త రేకు పెట్టినా ఏం లాభం? ఆ హెడ్డు వంగింది మాత్రం షెడ్డులో కాదు, కోదాడకీ సూర్యాపేటకీ మధ్య. ఎవరు రమ్మంటే వచ్చిందో మీకు తెలుసు.

హెడ్డుని లేత్ వర్క్స్‌కి పంపాం. ముందు ప్రెషర్ టెస్ట్: నీళ్ళ దారులన్నీ మూసి, వేడి నీళ్ళలో ముంచి గాలి పట్టిస్తే పగుళ్ళున్నచోట బుడగలు వస్తాయి. రెండు వాల్వుల మధ్య ఉండే సన్నటి చోటే ఎక్కువగా పగులుతుంది. ఆ అరగంట నేను గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నా. పగుళ్ళు లేవు. తర్వాత ఫేసింగ్ కొట్టించాం. డీజిల్ హెడ్డుని ఎంత పడితే అంత గీకించకూడదు. కనీస ఎత్తు ఎంత ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది. ఎక్కువ గీకితే వాల్వులు పిస్టన్‌కి దగ్గరైపోతాయి, ఇంజెక్టర్ ముక్కు కూడా కిందికి వచ్చేస్తుంది. మాది పరిమితిలోనే ఉంది.

హెడ్డు తిరిగొచ్చింది, కొత్త గ్యాస్కెట్ బల్ల మీద ఉంది. నేను ఇక బిగిస్తారనుకున్నా. మేస్త్రి గారు కదల్లేదు.

"పాత గ్యాస్కెట్‌ని ఎవరు చంపారో తేలకుండా కొత్తది పెట్టను" అన్నారు.

నిజమే కదా. బండి కోదాడ దగ్గర మొదట ఎందుకు వేడెక్కింది? ఆ ప్రశ్న మేం ఎవరం అడగలేదు. సర్వర్ పడిపోతే రీస్టార్ట్ చేసి ఇంటికి పోయినట్టు, గ్యాస్కెట్ మార్చి పంపేశారు.

థర్మోస్టాట్ గూడు విప్పారు. లోపల ఖాళీ. మొదటి షెడ్డులో "చల్లగా ఉంటుంది" అని థర్మోస్టాట్ పీకేశారు. మన దగ్గర ఇది పెద్ద అలవాటు. చాలా డీజిల్ ఇంజన్లలో థర్మోస్టాట్ వేడెక్కాక రెండు పనులు చేస్తుంది: రేడియేటర్ దారి తెరుస్తుంది, బైపాస్ దారి మూస్తుంది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్ళీ ఇంజన్‌లోకి పోతుంది. చల్లబడాలని చేసిన పనే లోడు మీద వేడెక్కిస్తుంది.

అది రెండోసారికి కారణం. మొదటిసారికి? రేడియేటర్ షాపులో పైన ట్యాంకు విప్పితే కనిపించింది. సగానికి పైగా గొట్టాలు తెల్లటి పెచ్చులతో మూసుకుపోయాయి. గిన్నెలో బోరు నీళ్ళు రోజూ కాస్తే అడుగున సున్నంలా కడుతుంది చూడండి, అదే. బాబాయ్‌ని అడిగితే చెప్పాడు, రెండేళ్ళుగా వారానికో లీటరు, రెండు లీటర్లు బోరు నీళ్ళే పోస్తున్నాడు. కూలంట్ ఎందుకు తగ్గేది? వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం ఉంటుంది, లోపల సీలు అరిగితే అందులోంచి చుక్కలు కారతాయి. అది యజమానికి చెప్పడానికే పెట్టిన రంధ్రం. చుక్కలు కారుతున్నాయని బాబాయ్‌కి తెలుసు. "చుక్కే కదా, పోసుకుంటే పోయిద్ది" అనుకున్నాడు.

మొత్తం దారి చూడండి. పంపులో అరిగిన సీలు, దాని వల్ల చుక్కలు, చుక్కలు పోయినందుకు బోరు నీళ్ళు, ఆ నీళ్ళ వల్ల పెచ్చులు, పెచ్చుల వల్ల మూసుకున్న రేడియేటర్, మే నెల ఎండలో నిండు లోడుతో ఓవర్ హీట్. దాని మీద నా ఫోన్ సలహా. ఆ తర్వాతే ఈ రేకు కాలింది.

రేడియేటర్‌కి కొత్త కోర్ వేయించాం, కొత్త వాటర్ పంప్, కొత్త థర్మోస్టాట్. ఇక బిగించడం. బ్లాకు మొహాన్ని ప్లాస్టిక్ గీకుడు ముక్కతో, చేత్తో శుభ్రం చేశారు. గ్రైండర్‌కి ఎమరీ డిస్క్ పెట్టి రుద్దితే అయిదు నిమిషాల పని. కానీ ఆ ఇసుక లాంటి పొడి ఆయిల్లో కలిసి బేరింగుల్ని తినేస్తుంది. బోల్టు రంధ్రాల్లో చుక్క నీరు, ఆయిల్ లేకుండా గాలి కొట్టారు. అడుగు మూసిన రంధ్రంలో ద్రవం ఉంటే, బోల్టు బిగిస్తున్నప్పుడు అది ఎటూ పోలేక బ్లాకునే పగలగొడుతుంది.

తర్వాత డయల్ గేజ్. పిస్టన్ పైకొచ్చినప్పుడు బ్లాకు మొహం కంటే ఎంత పైకి లేస్తుందో నాలుగింటికీ కొలిచారు. చాలా డీజిల్ ఇంజన్లకి గ్యాస్కెట్ రెండు మూడు మందాల్లో దొరుకుతుంది, అంచు మీద గాట్లు చూసి గుర్తుపట్టాలి. కొలతని బట్టి మాకు రెండు గాట్లది కావాలి. షెడ్డులో వేసింది మూడు గాట్లది. దొరికింది వేసేశారు.

బోల్టులు కొత్తవి. ఈ రకం బోల్టు బిగించినప్పుడు కొంచెం సాగుతుంది, ఆ సాగిన పట్టుతోనే హెడ్డుని అదిమి ఉంచుతుంది. ఒకసారి సాగినదాన్ని మళ్ళీ వాడితే ఆ పట్టు రాదు. మధ్య నుంచి బయటికి, మాన్యువల్‌లో ఇచ్చిన వరసలో, ముందు టార్క్ రెంచ్‌తో దశల వారీగా, చివర్లో కోణం లెక్కన. ప్రతి బోల్టు తల మీద సుద్దముక్కతో గీత పెట్టి, 90 డిగ్రీలు తిరిగిందో లేదో చూసుకున్నారు. ఆ సుద్ద గీతలు పెట్టే పని నాకిచ్చారు. ఈ మొత్తం రిపేరులో నేను చేసింది అదొక్కటే. ఈ టార్క్ అంకెలు ఇంజన్‌కీ ఇంజన్‌కీ మారతాయి, నేను చెప్పను, మీ బండి మాన్యువల్ చూసుకోండి.

ట్యాపెట్లు సెట్ చేసి, కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలంట్ మెల్లగా గాలి పోయేలా పోసి సాయంత్రం ఆరింటికి స్టార్ట్ చేశారు. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. రేడియేటర్‌లో మొదట నాలుగైదు బుడగలు వచ్చాయి, నా గుండె ఆగినంత పనైంది. లోపల ఇరుక్కున్న గాలి, అంతే. రెండు నిమిషాల్లో నీళ్ళు అద్దంలా నిలిచిపోయాయి. మర్నాడు సగం లోడుతో నందిగామ దాకా వెళ్ళి వచ్చాం. ముల్లు మధ్యలోంచి కదల్లేదు. నేను మాత్రం దారంతా దాన్నే చూస్తూ కూర్చున్నా. బాబాయ్ విసుక్కుని, "రోడ్డు చూడరా, అది నేను చూస్తా గానీ" అన్నాడు.

మొత్తం ఖర్చు, రేడియేటర్‌తో కలిపి 46 వేలు. అందులో సగం నేనిచ్చాను. బాబాయ్ వద్దన్నాడు. "నలభై కిలోమీటర్లకి నా వాటా" అన్నాను. అప్పుడు మొదటిసారి ఆ విషయం ఎత్తాడు. "నువ్వు చెప్పకపోయినా నేను వచ్చేవాణ్ణే రా. లోడు ఉంది కదా బండిలో" అన్నాడు. నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు క్యాబిన్‌లో సీటు వెనక రెండు కూలంట్ క్యాన్లు ఉంటాయి. ప్రతి ఆదివారం పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద కూలంట్ ట్యాంక్ గీత ఫోటో తీసి నాకు వాట్సాప్ చేస్తాడు. నేను థంబ్స్ అప్ పెడతా. పోయిన వారం ఫోటో రాలేదని నేనే ఫోన్ చేశా. పెళ్ళికి వెళ్ళాడట, బండి ఇంటి దగ్గరే ఉందట.

సరేనండీ, వచ్చే ఎపిసోడ్‌లో అదే మేస్త్రి గారి దగ్గర తీసిన ఇంజెక్టర్ల వీడియో. అందులో నా చొక్కా మొత్తం డీజిల్ అయిపోయింది, అది కూడా చూపిస్తాను. ఉంటాను మరి, నమస్తే.